గైర్హాజరు చిట్టీ

దయ్యాల కథ ఎవరైనా మొదలుపెడితే మధ్యలో లేచి వెళ్ళి టీ పెట్టుకునే రకం నేను. రైలు పార్శిల్ ఆఫీసులో ముప్పై ఏళ్ళు పోయిన సామాన్ల ఫిర్యాదులు చూశాను. మాయమైపోయిందండీ అని ఒట్టేసి చెప్పిన మూట ఏదో ఒక గోడౌన్ మూల దొరికేది, కాకపోతే ఎవరింట్లోనో తేలేది. నిజంగా మాయమైనది నా ఫైళ్ళలో ఒక్కటీ లేదు. కాబట్టి ఇది చదివి నవ్వదలచినవాళ్ళు నవ్వొచ్చు, నేనేమీ అనుకోను.

నిరుడు ఎండలు ముదరకముందు, మా బడికి పూర్వ విద్యార్థుల సంఘం పెట్టాలని శ్రీనివాస్‌కు బుద్ధి పుట్టింది. వాడు నా క్లాసువాడే. రెజిమెంటల్ బజార్‌లో వాళ్ళ నాన్న పెట్టిన ఇనుప సామాన్ల కొట్టు ఇప్పుడు వాడు చూసుకుంటున్నాడు. బడి ఆ కొట్టుకు రెండు సందుల అవతల. చిన్న తెలుగు మీడియం బడి, పెంకుల వరండా, ఎనిమిది గదులు. ఇప్పటికీ నడుస్తోంది.

నెల రోజులు ఫోన్లు చేసుకున్నాం. ఒకరి దగ్గర ఇంకొకరి నంబరు, ఆ ఇంకొకరి దగ్గర మరొకరి పెళ్ళి ఫొటో. నలభై మందికి పైగా దొరికారు. అందరికీ అధ్యక్ష పదవి కావాలి, కార్యదర్శి పని ఎవరికీ వద్దు. అందరూ అందలమెక్కేవాళ్ళే అయితే మోసేవాళ్ళెవరన్నట్టు, గుమాస్తాగిరీ చేసిందని ఆ పని నా నెత్తిన పెట్టారు. పైకి విసుక్కున్నాను గానీ, నేను కోరుకున్నది అదే. ఎందుకంటే ఆ జాబితాలో నేను వెతుకుతున్న పేరు వేరే ఉంది. ఆ పేరు సుజాత.

సుజాత సంగతి చెప్పాలంటే మా బడి పద్ధతి ఒకటి చెప్పాలి. పొద్దున హాజరు తీసిన వెంటనే క్లాసు లీడరు రానివాళ్ళ పేర్లు ఒక చిట్టీ మీద రాసి, వరండాలో గంట కింద సిమెంటు దిమ్మె మీద కూర్చునే ఆయమ్మకు ఇవ్వాలి. ఆమె పేరు యాదమ్మ, మాకందరికీ ఆయమ్మే. ఆమెకు చదువు రాదు. అందుకని రాసిన పేర్లు ఒకసారి గట్టిగా చదివి వినిపించాలి. ఆ తర్వాత చిట్టీ మడిచి బొడ్లో దోపుకుని, కుక్కల కోసం చేతిలో ఒక పుల్ల పట్టుకుని, రాసిన వరుసలోనే ఇల్లిల్లూ తిరిగి పిల్లలను లాక్కొచ్చేది. జ్వరమని పడుకున్నవాడి నుదురు ముట్టి చూసేది. అబద్ధమైతే లేపి నిలబెట్టి తీసుకొచ్చేది.

సుజాతను ఆమె చాలాసార్లు తెచ్చింది. వాళ్ళమ్మకు కాన్పు అయ్యాక ఇంట్లో పసిబిడ్డను చూడటానికి సుజాతను బడి మాన్పించాలని వాళ్ళ నాన్న ఆలోచన. ఒకరోజు ఆయమ్మ ఆయనతో గుమ్మంలోనే పోట్లాడి, సుజాతతో పాటు ఆ పసివాణ్ణి కూడా ఎత్తుకొచ్చింది. సాయంత్రం దాకా దిమ్మె మీద వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గంట కొట్టినప్పుడల్లా వాడు కెవ్వుమనేవాడు, తరగతులన్నీ గొల్లుమనేవి.

అప్పుడు తొమ్మిదో తరగతి లీడరును నేను. ఒక శనివారం ఆయమ్మ బడి వదిలే గంట సుజాత చేత కొట్టించింది. నేను ఏడాదిగా అడుగుతున్నా ఇవ్వలేదు, దానికి అడక్కుండానే ఇచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. సోమవారం సుజాత రాలేదు. నేను చిట్టీ మీద దాని పేరు రాయలేదు. మంగళవారం రాద్దామంటే, నిన్న ఎందుకు రాయలేదని అడుగుతారేమోనని భయం. బుధవారం ఆ భయం ఇంకొంచెం పెరిగింది. అలా నాలుగు రోజులు. ఆ తర్వాత వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారని తెలిసింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. నలభై రెండేళ్ళు మూసుకునే ఉన్నాను. మా ఆయనకు కూడా చెప్పలేదు.

సంఘం మొదటి సమావేశం ఒక ఆదివారం పొద్దున పెట్టుకున్నాం. వచ్చినవాళ్ళు వచ్చినట్టే పిల్లలైపోయారు. బ్యాంకు మేనేజరైనవాడు బెంచీ కింద పాత బబుల్‌గమ్ కోసం తడుముతున్నాడు. నాయనమ్మలైన ఇద్దరు కిటికీ పక్క చోటు కోసం నిజంగానే కొట్లాడారు. లెక్కల డేవిడ్ సార్‌ను మనవడు కారులో తెచ్చి దింపాడు. గుంటూరు వైపు నుంచి కుర్రతనంలో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి, ఎనభై దాటాయి. ఆయన లోపలికి అడుగు పెట్టగానే మేమంతా లేచి నిలబడి రాగం తీస్తూ నమస్తే చెప్పాం. ఆయన కళ్ళజోడు తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

నిబంధనల దగ్గర చిన్న రగడ అయింది. సభ్యులు విద్యార్థులు, ఉపాధ్యాయులు మాత్రమేనని శ్రీనివాస్ రాసుకొచ్చాడు. సిబ్బంది అని రాయాలని నేను పట్టుబట్టాను. ఆయమ్మ పోయి పదకొండేళ్ళయిందని, ఇప్పుడు ఆమెకు సభ్యత్వం ఏమిటని వాడు నవ్వాడు. ఆమె పాడె పట్టిన నలుగురిలో వాడూ ఒకడు. నేనూ ఆ రోజు అక్కడే ఉన్నాను. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను.

ఆఫీసు బీరువాలో మా తొమ్మిదో తరగతి హాజరు పట్టీ దొరికింది. సార్ దాన్ని తెరిచి, అదే గొంతుతో పేర్లు పిలవడం మొదలుపెట్టారు. ఉన్నవాళ్ళు ప్రెజెంట్ సార్ అని అరుస్తుంటే చప్పట్లు. దొరకని పేరు వచ్చినప్పుడు కాస్త నిశ్శబ్దం. సుజాత పేరు ఎర్రసిరాతో కొట్టేసి ఉంది. సార్ దాన్ని కూడా వదలకుండా పిలిచారు. ఎవరూ పలకలేదు.

హాజరు అయిపోగానే శ్రీనివాస్ వెనక బెంచీ నుంచి కేకేశాడు. "ఏందే లీడరూ, చిట్టీ రాయవా? గైర్హాజరోళ్ళ ఇండ్లకు ఆయమ్మ పోవద్దా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వుతూనే కాగితం చింపి ఐదు పేర్లు రాశాను. ఎంత వెతికినా నంబరు దొరకని ఐదుగురు. మొదటి పేరు సుజాత, రెండోది యూసుఫ్. వరండాలోకి వెళ్ళి, ఖాళీ దిమ్మె ముందు నిలబడి, పద్ధతి ప్రకారం గట్టిగా చదివాను. చిట్టీ దిమ్మె మీద పెట్టి, గాలికి ఎగరకుండా పైన ఒక రాయి ఉంచాను. కొందరు ఫోన్లలో ఫొటోలు తీశారు. ఆ ఫొటోల మీద టైము ఉంది. పది గంటల యాభై రెండు నిమిషాలు.

పదకొండున్నరకు ముందే యూసుఫ్ వచ్చాడు. ఒక చెంప నున్నగా ఉంది, రెండో చెంప మీద సబ్బు నురగ ఆరిపోయి ఉంది. భుజం మీద తువ్వాలు. వాడు వైరింగ్ పని చేస్తాడు, బడికి దగ్గర్లోనే ఉంటాడని అప్పుడే తెలిసింది. గడ్డం గీసుకుంటుంటే సందులోంచి ఎవరో ముసలామె, ఎంతసేపురా యూసుఫ్, హాజరైపోయింది అని అరిచిందట. మనిషి కనపడలేదు.

"బాహర్ వచ్చి చూస్తే ఎవరు లేరు. కానీ కాళ్ళు ఆగలే, సీదా ఇటే నడిచినయి. షరమ్‌గ ఉంది, జెర అద్దం ఇయ్యుండ్రి" అన్నాడు.

ఇదంతా శ్రీనివాస్ నాటకమని తేల్చేశాను. ఎవరినో పంపి ఉంటాడు. వాడు తన పిల్లల మీద ఒట్టేశాడు, నేను నమ్మలేదు. ఒట్లు నేను చాలా విన్నాను.

పన్నెండు దాటాక బగారా అన్నం వడ్డిస్తున్నాం. గేటు దగ్గర ఆటో ఆగింది. మెడలో టేపు వేలాడుతున్న ఒక ఆడమనిషి దిగింది, చీర కొంగున దారప్పోగులు. నడక చూసి గుర్తుపట్టాను. చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది.

ఆమె మా ఎవరి వైపూ చూడలేదు. నేరుగా దిమ్మె దగ్గరికి వెళ్ళి చుట్టూ చూసింది.

"ఆయమ్మేది? నన్ను లేవగొట్టి పంపి, తనేడికి వోయింది?" అంది.

ఆమెను కూర్చోబెట్టి నీళ్ళిచ్చాం. తర్వాత ఒక్కొక్కటే అడిగాం. అడిగింది నేనే, ఫిర్యాదుదారును అడిగినట్టు. సుజాత బడికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరాన అల్వాల్‌లో ఉంటోంది, ఇంటి ముందు గదిలోనే కుట్టు మిషను. చీరకు ఫాల్ కుడుతుంటే, పదకొండు కొట్టకముందే గేటు చప్పుడైంది. చూస్తే ఆయమ్మ. తెల్ల అంచు నీలం చీర, చేతిలో పుల్ల. లే బిడ్డా, హాజరు తీసిండ్రు, నీ పేరొచ్చింది అని చెప్పిందట. ఈమె స్టవ్ కట్టేసి, చెప్పులు వేసుకుని వచ్చేసరికి ఆయమ్మ సందు మలుపులో ఉంది, వీపు కనిపిస్తోంది. మలుపు దాకా పరుగెత్తితే అక్కడ ఎవరూ లేరు. ముందు వెళ్ళిపోయిందనుకుని ఆటో ఎక్కింది. దారిలో టైరు పంక్చరై గంట వృథా.

"అప్పుడెట్లుండెనో అట్లనే ఉన్నది. జుట్టుకు రంగు గిట్ల ఏసుకున్నదేమో అనుకున్న" అంది.

ఆయమ్మ లేదన్న మాట నేనే చెప్పాను. సుజాత నమ్మలేదు. శ్రీనివాస్ వైపు చూసింది. వాడు తల దించుకున్నాడు. అంతసేపు నాటకం ఆడగలిగినవాడు కాదు వాడు, వాడి ముఖం తెల్లగా పాలిపోయింది.

ముందుగా తేరుకున్నది డేవిడ్ సారే. "ఏవమ్మా సుజాతా, ఇంత ఆలస్యంగానా రావటం? బయట నిలబెట్టేవాణ్ణే, ఈసారికి పోనీలే. రా, కూర్చో" అన్నారు. సుజాత ఒక్కసారి ఏడుస్తూ నవ్వింది. అంతే, ఆడవాళ్ళం అందరం దాని మీద పడ్డాం. యూసుఫ్ నురగ చెంపతోనే అందరికీ డబల్ కా మీఠా వడ్డించాడు. నిబంధనల్లో సిబ్బంది అన్న మాట ఎవరు రాశారో కూడా నాకు తెలియదు, సాయంత్రం చూస్తే రాసి ఉంది.

తర్వాత నేను విచారించినవి ఇవి. సుజాత చిరునామా మాలో ఎవరికీ తెలియదు, పెళ్ళయ్యాక దాని ఇంటిపేరు ఏమైందో కూడా తెలియదు. నేను పేర్లు చదివిన టైముకూ, అల్వాల్‌లో గేటు చప్పుడైన టైముకూ మధ్య పది నిమిషాలు లేవు. యూసుఫ్‌కు పిలుపు ఆ తర్వాత వినిపించింది. ఇల్లు దగ్గరే అయినా వాడు రెండోవాడు, చిట్టీలో ఉన్న వరుసే. మిగతా ముగ్గురిలో ఇద్దరు పుణెలో ఉన్నారని, ఒకరు చనిపోయారని ఆనక తెలిసింది. గేటు దగ్గరి వాచ్‌మన్ ఎవరూ బయటికి వెళ్ళడం చూడలేదు. దిమ్మె మీద రాయి ఉన్నచోటే ఉంది, కింద చిట్టీ లేదు. అల్వాల్‌లో సుజాత పక్కింటావిడను కూడా అడిగాను. సుజాత గేటు దగ్గర ఎవరితోనో మాట్లాడటం విన్నానంది, అవతలి గొంతు వినలేదంది. దీన్ని ఎలా ముగించాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు. నాకు భయం మాత్రం వేయలేదు, ఆ రోజు ఉన్నంత సంతోషంగా ఇంకెప్పుడున్నానో గుర్తులేదు.

ఒక్క గండం మాత్రం మిగిలి ఉండింది. ఆ రోజే భోజనాలయ్యాక, చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర సుజాత ఒంటరిగా దొరికినప్పుడు అంతా చెప్పేశాను. గంట సంగతి, కుళ్ళు, నాలుగు రోజుల చిట్టీలు. దాని ముఖం చూడలేక కుళాయి వైపు చూస్తూ చెప్పాను.

అది కుళాయి కట్టేసింది. తర్వాత నెమ్మదిగా అంది. "నాలుగు దినాలు గుమ్మంల కూసున్న. నాయన సామాన్ సర్దుతుంటే, ఒక్క దినం ఆగు నాయనా, ఆయమ్మొస్తది అన్న. మంచి పని చెయ్యలే నువ్వు."

"తెలుసు" అన్నాను. ఏడుపు ఆగలేదు.

"ఇయ్యాల నా పేరు రాసింది ఎవరు?"

"నేనే."

"ఎన్నోది?"

"అందరికన్నా ముందు."

సుజాత కొంగుతో ముందు తన ముఖం తుడుచుకుంది, తర్వాత అదే కొంగుతో నా ముఖం కూడా తుడిచింది.

"గందుకే ముందుగాల మా ఇంటికొచ్చింది" అంది. "ఉరుక్కుంట వచ్చినట్టుండె, పాపం. మొత్తం చెమటలు వట్టినయి."