కుడి భుజం పైట

ఒక ఆదివారం మధ్యాహ్నం విరుదునగర్ బజారువాళ్ళు ఖాళీ పత్తి గిడ్డంగిలో తమిళ నాటకం వేశారు. గయ్యాళి పెళ్ళాం అలిగి పుట్టింటికి పోతే, ఆ తిట్లు వినబడక మొగుడికి ముద్ద దిగని కథ. ఆడవేషాలూ మగవాళ్ళవే కాబట్టి చీరలు ఇళ్ళలో అడిగి తెచ్చుకున్నారు. పెళ్ళాం వేషం కట్టినవాడు నాతోపాటు మిరపకాయల మండీలో తూకం వేసేవాడు. చివరి రంగానికి ఎర్ర చీర కావాలని బతిమాలితే, కాదనలేక మా ఆవిడది ఇచ్చాను. ఆమె పోయి అప్పటికి ఎనిమిది నెలలు.

జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను, మొగుడు ఖాళీ వంటింటి వైపు తిరిగి ఒక్కసారి తిట్టవే అని వేడుకునేదాకా. అంతలో పెళ్ళాం తిరిగొచ్చింది, మా ఆవిడ చీరలో, పైట ఎడమ భుజం మీద! మా పల్లె తెలుగు ఇళ్ళలో ఆడవాళ్ళు కుడి భుజం మీదే వేసుకుంటారు. నాకు ఒళ్ళు మండింది. లేచి నిలబడి అరిచాను.

"కుడి పక్కం ఎయ్యప్పా! నా పెండ్లాం ఏనాడన్నా అట్ల ఏసిందా?"

ఒక్కరికీ అర్థం కాలేదు. అదీ నాటకంలో భాగమే అనుకుని ఇంకా నవ్వారు. నేను మెల్లిగా కూర్చున్నాను.

పల్లె వదిలి ఆ ఊరు వచ్చాక నేను తెలుగు మాట్లాడింది ఇంట్లో ఆమెతోనే. ఎనిమిది నెలల్లో నా నోట వచ్చిన మొదటి తెలుగు మాట అది.