రాహుకాలంలో ఆగిన బ్రౌజరు

పుత్తూరు రైల్వే స్టేషన్ రోడ్డులో మునికుమార్ బూత్ అంటే చుట్టుపక్కల పల్లెలన్నిటికీ తెలుసు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోతే, పెద్దయ్యాక వికలాంగుల కోటాలో ఆ ఎస్టీడీ బూత్ వచ్చింది. దేవుడు ఒక కాలు తీసుకున్నా కూర్చుని తినే మార్గం చూపించాడని వాళ్లమ్మ చెప్పుకునేది. సెల్‌ఫోన్లు వచ్చి బూత్‌లు ఒక్కొక్కటే మూతబడుతున్న కాలంలో అతను మూడు కంప్యూటర్లు తెచ్చి పెట్టి, దాన్నే నెట్ సెంటర్ చేసుకున్నాడు. పాత గాజు గదిని మాత్రం తీసేయలేదు. కెమెరా ఉన్న కంప్యూటర్‌ను అందులో పెట్టాడు. కువైట్‌లో ఉన్న మొగుళ్లతో మాట్లాడుకునే ఆడవాళ్లు ఏడ్చినా నవ్వినా రోడ్డున పోయేవాళ్లకు వినపడకూడదని.

పొద్దున్నే షట్టర్ ఎత్తగానే తడిగుడ్డతో తుడిచి, మూడు కంప్యూటర్లకూ కుంకుమబొట్టు పెట్టి, ఊదొత్తులు వెలిగించేవాడు. వాకిట్లో స్టూలు మీద మంచినీళ్ల కుండ, మూత మీద గ్లాసు. పల్లె నుంచి నడిచి వచ్చినవాళ్లు ముందు నీళ్లు తాగి, ఆ తర్వాతే పని చెప్పేవాళ్లు. రాహుకాలంలో మాత్రం కొత్త పనేదీ ముట్టుకునేవాడు కాదు. మొదలుపెట్టిన పనైతే సాగించేవాడు గానీ, మొదలుపెట్టడమంటే మాత్రం ఆ గంటన్నర దాటాల్సిందే.

అతనికి ఇంకో అలవాటు కూడా ఉండేది. పల్లెల్లో ఫోన్లు లేని రోజుల్లో చావు కబుర్లన్నీ ఆ బూత్‌కే వచ్చేవి. ఫోన్ పెట్టేసి, మూడు చక్రాల సైకిల్ చేత్తో తిప్పుకుంటూ పోయి, ఆ ఇంటి ముందు ఆగేవాడు. పోయిందనో పోయినాడనో ఏనాడూ అనలేదు. ఒంట్లో బాగలేదంట, వెంటనే రమ్మన్నారు అనేవాడు. విన్నవాళ్లు చేతికందిన గుడ్డలు సంచిలో కుక్కుకుని బస్సెక్కేవాళ్లు. ఏడుపు ఎప్పుడైనా తప్పదు, బస్సెక్కేదాకానైనా కాళ్లు ఆడాలి కదా అని అతని ఆలోచన. ఊళ్లో పెద్దలందరూ అట్లాగే చెప్పేవాళ్లు, అతనూ అట్లాగే చెప్పాడు. గురవమ్మకు కార్వేటినగరంలో ఉన్న తల్లి పోయినప్పుడు కూడా ఆ మాటే చెప్పాడు.

ఆ గురవమ్మ మొగుడు నారాయణ కువైట్‌లో మేస్త్రీ. ఆ ఏడాది ఎండాకాలంలో, కడుతున్న మేడ మీద నుంచి పడ్డాడు. అదే ఊరి జయరావు ఆయనతోపాటు ఒకే గదిలో ఉంటాడు. అతను గురవమ్మకు ఫోన్ చేసి, దవడ ఎముక విరిగిందనీ, తీగలతో కట్టేశారనీ, నోరు తెరవలేడనీ, ప్రాణానికి మాత్రం భయం లేదనీ చెప్పాడు. ఎముక విరిగిందంటే దేశం నలుమూలల నుంచీ పుత్తూరుకు కట్టు కట్టించుకోవడానికి వస్తారు. పుత్తూరు పక్కన పుట్టినవాడు సముద్రం అవతల ఎముక విరగ్గొట్టుకున్నాడని గురవమ్మ ముందు అందుకే ఏడ్చింది. ఆ తర్వాత, ప్రాణానికి భయం లేదన్న మాట దగ్గర ఆమె మనసు ఆగిపోయింది. అట్లాంటి మాటలు ఎప్పుడు చెబుతారో ఆమెకు తెలుసు.

నోరు తెరవలేకపోతే ఒక్కసారి మూలగమను, వింటాను అన్నది. జయరావు ఫోన్‌ను నారాయణ నోటి దగ్గర పెట్టి మూలిగించాడు కూడా. ఆస్పత్రిలో మూలిగేవాళ్లకు కొదవా, అది ఎవరి మూలుగైనా కావచ్చు అన్నది గురవమ్మ. కళ్లతో చూస్తే తప్ప నమ్మనన్నది. రోజూ పల్లె నుంచి వచ్చి బూత్ మెట్ల మీద కూర్చునేది. అన్నం ఎప్పుడు తిన్నదో అడిగినా చెప్పేది కాదు. మునికుమార్ తన టిఫిన్ డబ్బాలోది సగం తీసి, మిగిలిపోయింది, పారేయాల్సిందే అని అబద్ధమాడి ఆమె చేత తినిపించేవాడు.

చివరికి జయరావు ఒక దారి కనిపెట్టాడు. వాళ్ల కంపెనీ ఆఫీసులో కెమెరా ఉంది. శుక్రవారం అక్కడివాళ్లంతా నమాజుకు వెళతారు. వాళ్లు వెళ్లి వచ్చేలోపల, అంటే మన లెక్కన మధ్యాహ్నం రెండు దాటాక, నారాయణను తీసుకొచ్చి కూర్చోబెట్టడానికి వాచ్‌మన్ ఒప్పుకున్నాడు. మర్నాడు దవడకు ఇంకో ఆపరేషన్ ఉంది, మళ్లీ ఎన్నాళ్లకో. ఒక్కటే చిక్కు. ఆ కెమెరా బొమ్మ కనపడే పేజీ పాత బ్రౌజర్లో తెరుచుకోదు, కొత్త వెర్షన్ ఎక్కించి పెట్టుకోమన్నాడు.

గాజు గదిలోని కంప్యూటర్ తప్ప మిగతా రెండూ మరీ పాతవి. వాటిలో ఆ కొత్తది ఎక్కనే ఎక్కదు. మునికుమార్ శుక్రవారం పెందలాడే వచ్చి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, కొత్త బ్రౌజర్ను నెట్ నుంచి దించడం మొదలుపెట్టాడు. ఆ లైన్ మీద అది చీమ బెల్లం మోసినట్టు వచ్చింది. ఎట్లాగో వచ్చి, ఎక్కడం మొదలుపెట్టి, ఎంత ఎక్కిందో చూపే పచ్చగీత నిండిపోయాక, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ మొదటి నుంచి తెరిస్తేనే పని పూర్తవుతుందని తెర మీద అడిగింది. అతను గోడ గడియారం చూశాడు. పదిన్నర దాటింది. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం.

మళ్లీ మొదటి నుంచి అంటే కొత్తగా మొదలుపెట్టడమే. మామూలు పనైతే ఏమో గానీ, ఒక ఆడమనిషి పసుపు కుంకుమల సంగతి. రెండు దాకా టైముంది, పన్నెండు దాటాకే తెరుద్దామని ఆ ప్రశ్నను అట్లాగే వదిలేశాడు. ఇంకాసేపటికి కరెంటు పోయింది. కింద పెట్టిన బ్యాటరీ పెట్టె కొంతసేపు కీచుమని అరిచి చల్లబడింది. తెర నల్లబడింది.

కరెంటు వచ్చేసరికి ఒంటిగంట. అప్పటికే గురవమ్మ వచ్చి మెట్ల మీద కూర్చుని ఉంది. ఉతికిన చీర కట్టుకుంది. తలలో కనకాంబరాలు. నుదుట ఎప్పుడూ పెట్టనంత పెద్ద బొట్టు పెట్టుకుని, అది ఉందో లేదో అన్నట్టు మాటిమాటికీ వేలితో తాకి చూసుకుంటోంది. నారాయణను కళ్లారా చూస్తే కొండకు మెట్ల దారిన నడిచి వస్తానని కట్టిన ముడుపు పసుపు గుడ్డలో చేతిలో ఉంది.

మునికుమార్ కంప్యూటర్ వేశాడు. అన్నీ వచ్చాయి. ఇంటర్నెట్ తెరిచే నీలం బొమ్మ మీద నొక్కాడు. కిటికీ ఒకటి తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అంతే. పాతది పోయింది, కొత్తది సగంలో నిలిచిపోయింది. దించి పెట్టుకున్నదాన్ని మళ్లీ ఎక్కించబోతే, ముందు మొదలైన పని ముగియలేదు, ఇప్పుడు కుదరదని ఇంగ్లీషులో చెప్పి, అది కూడా ఆగిపోయింది. తన భక్తి ఇంకొకరి మెడకు చుట్టుకుందేమోనని అతను మొదటిసారి భయపడ్డాడు.

"మిషను బాగలేదు మా. రోంచేపు కూచో" అన్నాడు, తల తిప్పకుండా.

ఎదురు వరసలో చక్రధర్ నెట్ సెంటర్ ఉంది. అతను బోర్డు పెట్టినప్పటి నుంచి ఇద్దరికీ పలకరింపుల్లేవు. చక్రధర్ దగ్గర కెమెరా లేదు గానీ, కంప్యూటర్ పత్రికలతో వచ్చే సీడీలన్నీ దాచిపెడతాడని మునికుమార్‌కు తెలుసు. వేరే దారి లేక అతనికి ఫోన్ చేశాడు. అడుక్కోవడం ఎవరికీ వినపడకూడదని గోడ వైపుకు తిరిగి, గొంతు తగ్గించి మాట్లాడాడు. కొత్త బ్రౌజర్ ఉన్న సీడీ కావాలనీ, రెండింటిలోపల అయిపోవాలనీ, ఆడమనిషి ఎదురుగా కూర్చుని ఉందనీ, ఆమెకు ఏం చెప్పాలో తెలియడం లేదనీ చెప్పి ఫోన్ పెట్టేశాడు.

వెనక్కి తిరిగేసరికి గురవమ్మ గాజు గది తలుపు పట్టుకుని నిలబడి ఉంది.

"సెప్పేయన్నా" అన్నది. "పోయినాడా?"

"ఎవురు మా?"

"గోడకు తిరుక్కోని మాట్లాడితే నాకు తెలీదా. మా అమ్మ పోయిన దినం గూడా నువ్వు నా మొగం సూళ్లేదు. ఆపొద్దు మా అమ్మకు బాగలేదన్నావు. ఈపొద్దు మిషనుకు బాగలేదంటా ఉండావు."

మునికుమార్‌కు ఎన్నో ఇళ్ల ముందు దయ అనుకుని చెప్పిన మాట అంతా ఒక్కసారిగా తిరిగి వచ్చి ఎదురుగా నిలబడినట్టయింది. మిషను నిజంగానే చెడిందని ఒట్టు పెట్టుకోవచ్చు. కానీ ఆ రోజు కూడా అతను అంత నిబ్బరంగానే చెప్పాడు. తెర చూపిద్దామంటే ఆమెకు ఇంగ్లీషు రాదు. తెర మీద ఉన్నది ఏదైనా కావచ్చు. ఇంకొక క్షణం ఆగితే ఆమె అక్కడే కూలబడి గొంతెత్తి ఏడుస్తుందని, ఏడిస్తే బతికున్న మనిషి పేరున శోకం పెట్టినట్టవుతుందని అతనికి భయం వేసింది.

అతను కుర్చీలోంచి లేచి, గోడకు ఆనుకుని నిలబడి, ఈసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"ఆ దినం అబద్దం సెప్పినా, నిజమే. ఈ దినం సెప్పడంలే. ఆయప్ప గురించి నీకు తెలిసిందే నాకూ తెలుసు. మిషను సెడింది నా వల్లే."

జరిగింది జరిగినట్టు చెప్పాడు. కొత్తది ఎక్కడం, చివర మళ్లీ మొదటి నుంచి తెరవమని అడగడం, గడియారం చూడటం.

"శుక్రవారం పదిన్నర" అన్నది గురవమ్మ మెల్లగా.

"ఊ. పన్నెండు దాటినాక తెరుద్దామనుకున్యా. కరెంటు పాయ."

"దానికే ఆపినావా?"

"దానికే."

చావు దాచేవాడు కరెంటు మీద నెడతాడు, మిషను మీద నెడతాడు. రాహుకాలమని తనే ఆపి చెడగొట్టుకున్నానని అల్లి చెప్పడు అనుకుంది గురవమ్మ. ఆమె భుజాలు కిందికి దిగడం మునికుమార్ చూశాడు.

"ఆపక?" అన్నది. "నా మొగుడి మొగం రాహుకాలంలో తెరుస్తారా ఎవురైనా? నేనైనా ఆపుంటా."

చెప్పి, కుండలో నీళ్లు ముంచుకొచ్చి గ్లాసు అతని చేతికే ఇచ్చింది.

చక్రధర్ రోడ్డు దాటి వచ్చాడు. చేతిలో సీడీలు నాలుగైదు. తలుపు దగ్గరే సంగతి విన్నట్టున్నాడు.

"ఏమప్పా మునీ, బస్సెక్కేదానికి వారశూల సూసేవాళ్లను సూసినా గానీ, మిషనుకు రాహుకాలం సూసేవాణ్ణి నిన్నే సూస్తిని" అన్నాడు. అంటూనే చెప్పులు బయట విడిచి, కంప్యూటర్‌కు పెట్టిన బొట్టు చెరగకుండా పక్కగా కూర్చున్నాడు.

సగం ఎక్కింది ముందు తీసేయాలి, తీసేస్తేనే మళ్లీ ఎక్కుతుందన్నాడు. దాన్ని తీసేయడానికి ఒకసారి కంప్యూటర్‌ను ఆపి తెరిచారు. మొదటి సీడీ మీద గీతలు పడి ఉన్నాయి. గిరగిర తిరిగి, ఆగి, మళ్లీ తిరిగి, చదవలేనన్నది. రెండోదాంట్లో కొత్త వెర్షన్ లేదు. గురవమ్మ గడియారం చూడటం మానేసి గోవిందా గోవిందా అని పెదవులతోనే అనుకుంటోంది. మూడోది తిరిగింది. పచ్చగీత ముందుకు పోయి, ఇంకాస్త మిగిలుండగా నిలబడిపోయింది. చక్రధర్ మౌస్ మీద నుంచి చెయ్యి తీసేసి, ఇప్పుడేదీ ముట్టుకోవద్దన్నాడు. ఈగ వాలినా ఆగిపోతుందేమో అన్నట్టు చూస్తూ కూర్చున్నారు. గీత కదిలింది. నిండింది. మళ్లీ మొదటి నుంచి తెరవాలా అని అడిగింది.

ఈసారి మునికుమార్ గడియారం చూడలేదు. నొక్కాడు.

రెండున్నర దాటాక పేజీ తెరుచుకుంది. గురవమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, చెవులకు మైకున్న హెడ్‌ఫోన్ తగిలించి, మగవాళ్లిద్దరూ తలుపు ఓరగా వేసి గాజు గది బయటికి వచ్చి నిలబడ్డారు. ముందు జయరావు మాట వినపడింది. ఆ తర్వాత తెర మీద ఒక ముఖం వచ్చింది. దవడ చుట్టూ తెల్లటి కట్టు, వాచిన చెంప, కళ్లు అటు ఎక్కడికో చూస్తున్నాయి. ముఖం కదలడం లేదు. రెప్ప వేయడం లేదు.

గురవమ్మ కూడా కదల్లేదు. గాజులోంచి మునికుమార్‌కు ఆమె వీపు కనపడుతోంది. ఫోటో పెట్టారని అనుకుంటోందని అతనికి తెలిసిపోయింది. బతికున్నప్పుడు తీసిన ఫోటో అని, లేదా అంతకన్నా పాడు ఆలోచన.

"జయరావన్నా" అన్నది ఆమె. "ఆయన్ను సెయ్యెత్తమను."

ఏమీ జరగలేదు. లైన్ నిదానం, బొమ్మ ఆగి ఆగి వస్తుందని చక్రధర్ గొణిగాడు. ఎవరికి చెప్పాడో తెలియదు.

అంతలో తెర ముక్కలు ముక్కలుగా చెదిరి, మళ్లీ కుదురుకుంది. కుదురుకునేసరికి ముఖం పక్కన ఒక చెయ్యి ఉంది. మణికట్టుకు, పోయినసారి జాతరకు వచ్చినప్పుడు గురవమ్మ కట్టిన నల్లదారం. చెయ్యి కిందికి దిగి, కట్టు మీద ఆని, మళ్లీ పైకి లేచింది. కళ్లు ఇటు తిరిగాయి.

గురవమ్మ కొంగు తీసి తల మీదుగా కప్పుకుంది, ఇంట్లో ఆయన ఎదుట నిలబడినప్పుడు కప్పుకున్నట్టే.

చక్రధర్ తన సీడీలు తీసుకోకుండానే రోడ్డు దాటి వెళ్లిపోయాడు. కాసేపటికి అవతల వాచ్‌మన్ తొందర పెట్టాడు. తెర తెల్లబడింది. తెల్లబడ్డ తెరను చూస్తూ ఆమె ఇంకా కూర్చునే ఉంది. మునికుమార్ తలుపు తీసి, లేవమని చెప్పలేక, నీళ్ల గ్లాసు పక్కన పెట్టాడు.

"ఆపరేషన్ అయినాక ఇంకో శుక్రవారం జయరావన్న సూపిస్తాడంట" అన్నది చివరికి, ముడుపును కళ్లకద్దుకుంటూ. "అన్నా, ఆ దినం గూడా మద్యానమే పెట్టుకుందాం. పన్నెండు దాటినాక."