ఈజిప్టు రాకుమారికి అమ్మ పరామర్శ

మొన్న ఒక కొట్లో నీలం పూసల దండ చూడగానే, చిన్నప్పుడు గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమాలో మా పక్కింట్లో ఉన్న నాదియా టీచర్ గుర్తొచ్చింది. ఆమెది ఈజిప్టు. మా నాన్న రాస్ అల్ ఖైమాలోనే ఒక క్వారీలో మెకానిక్. నేను సాయంత్రాలు టీచర్ దగ్గర అరబ్బీ నేర్చుకునేదాన్ని.

ఒకరోజు ఆమె తమ దేశపు అమ్మాయి ఒకతె గురించి చెప్పింది. ఆ పిల్లకు కాటుక అంటే ఇష్టమట. ఒక కోతిని పెంచుకునేదట. పెళ్ళీడు రాకముందే పోయింది. సన్నని నారబట్ట చుట్టి, మెడలో నీలం పూసలు వేసి, పక్కన రాగి అద్దం, రొట్టెలు, చిన్న చెప్పులు పెట్టి సమాధి చేశారు. టీచర్ ఆమెను 'మా అమ్మాయి' అనే అంది. మధ్యలో వచ్చిన 'రాజు' అన్న అరబ్బీ మాట నాకు తెలియదు. ఆమె సొంత కూతురే అనుకున్నాను.

ఇంటికొచ్చి చెప్పగానే అమ్మ, వండిన పప్పూ అన్నం గిన్నెలో సర్దుకుని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. "ఆప్‌కీ బేటీ..." అని, ఆపై హిందీ రాక, టీచర్ చేయి పట్టుకుంది.

టీచర్‌కు సంగతి అర్థమైంది. కానీ నవ్వలేదు. తలమీద కిరీటం ఉన్నట్టు చేత్తో చూపిస్తూ, "నా కూతురు కాదు, రాజు కూతురు. పోయి వేల ఏళ్ళయిందని అమ్మకు చెప్పు," అంది. సిగ్గుపడుతూ చెప్పాను.

అమ్మ ఆమె చేయి వదల్లేదు. "ఎన్నడు పోతేంది? కన్నతల్లి ఏడ్వకుంటదా?" అంది.

ఆ మాట నేను అరబ్బీలో చెప్పాక టీచర్ కళ్ళు తుడుచుకుంది. తర్వాత ముగ్గురం కూర్చుని ఆ అన్నం తిన్నాం.

పెద్దయ్యాక అలాంటి సమాధుల గురించి చాలా చదివాను. నగల గురించి పేజీలకు పేజీలు రాశారు. ఆ పిల్ల తల్లి సంగతి అడిగింది మాత్రం అక్షరం ముక్క రాని మా అమ్మే.