ఒకే లైను మీద రెండు ఉత్తరాలు

తొంభైల చివర్లో నల్గొండలోని ఒక ప్రైవేటు కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేదాన్ని. నాతోపాటు పనిచేసే ఒకావిడ మా ఇంటి పై గదిలో కిరాయికి ఉండేది. నాకంటే ఆరేళ్లు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. భర్త హాలియాలో ఎరువుల దుకాణంలో పనిచేస్తూ ఆదివారాలు వచ్చిపోయేవాడు. మా అమ్మకు ఆమె అంటే నాకంటే ఎక్కువ ప్రేమని నాకు అనుమానం.

ఇంట్లో ఫోను ఒక్కటే. నా కంప్యూటర్ కింద, ఆమెది పైన. కిటికీలోంచి తీగ లాగి రెండింటినీ కలిపాను. నాది ఫోను మీద ఇంటర్నెట్‌కు కలిస్తే, దాని వెనకాలే ఆమెదీ కలిసేది. గుర్తు కోసం రెండు కంప్యూటర్లకూ ఇంగ్లీషు అక్షరాల్లో ‘కింద’, ‘పైన’ అని పేర్లు కూడా పెట్టాను. మొదటి ఈమెయిల్ ఆమె తమ్ముడికి వెళ్లిన రోజు ఇద్దరం చాలా సంబరపడ్డాం.

“అయితే గిప్పుడు బయటోళ్లకు నా కంప్యూటర్ కనవడ్తదా?” అని అడిగింది.

“కనవడదక్కా. ఇంటర్నెట్ కంపెనీ మన లైనుకు ఒక్కటే నంబరిస్తది. నువ్వు పంపినా నేను పంపినా బయటికి గదే కనవడ్తది.”

“అంటే ఎవలు పంపిండ్రో తెల్వదు.”

“గీ ఇంట్లకెల్లి వచ్చిందని తెలుస్తది, గంతే.”

తొందరగా నేర్చుకుంటుందని మురిసిపోయాను.

ఒక శనివారం మధ్యాహ్నం విద్యార్థుల మార్కులు హైదరాబాద్ ఆఫీసుకు మెయిల్ చేస్తున్నాను. ఆమె మెట్ల మీదినుంచి అడిగింది, “లైను కలిసిందా?”

“కలిసింది. మార్కులు పంపుతున్న.”

“అయినంక కట్ చెయ్యకు. జర ఉండనియ్యి.”

పావుగంట ఉంచాను.

మంగళవారం మేనేజరు పిలిచాడు. బల్ల మీద రెండు కాగితాలు. ఒకటి నేను పంపిన మార్కుల మెయిల్. రెండోది ‘ఒక విద్యార్థి’ పేరుతో హైదరాబాద్ ఆఫీసుకు వెళ్లిన ఫిర్యాదు. క్లాసులకు రానివాళ్లకు కూడా సెంటర్లో సర్టిఫికెట్లు ఇస్తున్నారని రాసి ఉంది. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు.

“రెండూ పది నిమిషాల తేడాతో ఒకే నంబరు నుంచి వచ్చాయి. హైదరాబాద్ వాళ్లే పట్టుకున్నారు. రేపటి నుంచి రావద్దమ్మా,” అన్నాడు.

ఫిర్యాదు పైభాగంలో, మెయిల్ నడిచి వచ్చిన దారి చెప్పే వరసల్లో, నంబరు పక్కన చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ‘పైన’ అని ఉంది. అది ఏ కంప్యూటర్ పేరో అతనికి తెలియదు. నాకు తెలుసు. ముందు ఆమెను అడగాలని అతనికి చెప్పకుండా వచ్చేశాను.

సాయంత్రం ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చుంది.

“గా మెయిల్ నువ్వే పంపినవా అక్కా?”

కాయల మీదినుంచి కళ్లెత్తలేదు. “నీకు ఇంకో జాగల దొరుకుతది. నా పేరు బయటవడి గీ కొలువు పోతే నేను హాలియకు పోయి అత్తగారింట్ల పడాలె.”

“నన్నడిగితే నేను గూడ పేరు పెడ్తుంటి గదా.”

“పేరు పెట్టెటట్లుంటే నీ లైనెందుకు నాకు?”

ఆ మాట విన్నాక అరవాలని కూడా అనిపించలేదు. మర్నాడు మేనేజరు దగ్గరికి వెళ్లి ఆ అక్షరాలు చూపించి, ఇంట్లో తీగ సంగతి అంతా చెప్పాను. అతను ఆమెను పిలిపించి నా ముందే అడిగాడు.

“నాకు గా వైర్ల సంగతి తెల్వది సార్. అన్ని గామెనే పెట్టింది,” అందామె. నా వైపు చూడలేదు.

తీగ నాది, ఫోను నాది, ‘పైన’ అని పేరు పెట్టింది నేను. మేనేజరుకు అది చాలింది. నా క్లాసులు కూడా ఆమెకే ఇచ్చాడు. సర్టిఫికెట్లు ఎప్పటిలాగే ఇస్తున్నారని తర్వాత విన్నాను. నేను పెళ్లిపత్రికలు అచ్చువేసే ప్రెస్సులో టైపు పనికి కుదిరాను.

తీగ ఆ రోజే పీకేశాను. అమ్మకు మాత్రం నిజం చెప్పలేదు. సెంటరు దూరమని మానేశానన్నాను. ఆమె మోసం చేసిందనడం కంటే, మోసపోయానని ఒప్పుకోవడం నాకు ఎక్కువ సిగ్గుగా ఉండింది.

నెల తిరక్కుండానే ఆమె వేరే ఇల్లు చూసుకుంది. సామాను రిక్షా ఎక్కాక అమ్మ దగ్గరికి వచ్చింది. అమ్మ కళ్లొత్తుకుని, పసుపు కుంకుమ, రవికెగుడ్డ తెమ్మంది. పళ్లెం తెచ్చింది నేనే. అమ్మ బొట్టు పెడుతుంటే ఆమె తల వంచింది. పళ్లెం పట్టుకుని పక్కనే నిలబడ్డాను.