కరెంటు పోయినా మిగిలిన పేజీ

తొంభైల చివర్లో ఒక ఎండాకాలం మా అక్క కంప్యూటర్ నేర్చుకోవడానికి బెల్లంపల్లి నుంచి కరీంనగర్‌కు వచ్చింది. అప్పటికి ఆమెకు నలభై నిండబోతున్నాయి. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో నాకోసం పెట్టిన మామిడికాయ తొక్కు డబ్బా. బస్టాండులో నేను చెయ్యి చాపితే బరువున్న డబ్బా ఇవ్వలేదు. బట్టల సంచి ఇచ్చింది. నేను ఉద్యోగం చేస్తున్నా, ఒక గది కిరాయికి తీసుకుని నా బతుకు నేను బతుకుతున్నా, బరువులు మోసే విషయంలో ఆమె కంటికి నేనింకా చిన్నపిల్లనే.

అలా అనుకోవడానికి ఆమెకు కారణం ఉంది. నేను అరవైతొమ్మిదిలో బొగ్గు బాయి కార్మికుల క్వార్టర్లలో పుట్టాను. నన్ను కన్నాక మా అవ్వ చాలాకాలం మంచం మీదే ఉంది. బాపు షిఫ్టులు మారుతూ బాయిలో దిగేవాడు. నాకు నీళ్లు పోసిందీ, నల్లా దగ్గరికి చంకనెత్తుకుని పోయిందీ, జొన్నరొట్టె పాలలో నానబెట్టి తినిపించిందీ అక్కే. ఆ పనుల్లో పడి ఆమె బడి మధ్యలోనే ఆగిపోయింది. దాని గురించి ఎప్పుడైనా మాట వస్తే, "బడి ఏడికి పోతది, నువ్వు పెరుగుడు ఆగుతదా" అని నవ్వేసేది.

ఆమెకు మళ్లీ చదువు దారి చూపినవాడు మా బావ. ఆయనా బాయి కార్మికుడే. పెళ్లయ్యాక ఆమెతో ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష రాయించాడు. ఆ తర్వాత టైపు నేర్చుకొమ్మని బజారులో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించాడు. అది క్వార్టర్లకు దూరం కాబట్టి సైకిల్ కూడా ఆయనే నేర్పాడని విన్నాను. తర్వాత కామెర్లు ముదిరి బావ పోయాడు. ఆయన ఉద్యోగం బదులు అక్కకు కంపెనీ ఆఫీసులో అటెండర్ పని వచ్చింది. ఫైళ్లు ఒక బల్ల మీది నుంచి ఇంకో బల్ల మీదికి చేర్చడం, కుండల్లో నీళ్లు నింపడం. అప్పట్నుంచీ ఆమె నోట బావ మాట వినలేదు. అడగడానికి మాకెవరికీ నోరు రాలేదు.

ఆమె కరీంనగర్ వచ్చిన ఏడే వాళ్ల ఆఫీసులో కంప్యూటర్లు పెట్టారు. టైపు వచ్చినవాళ్లు పరీక్ష రాస్తే ఆపరేటర్లుగా తీసుకుంటామన్నారు. అక్క ఈ సంగతి నాకు చెప్పకుండా కొన్ని రోజులు తనలోనే తిప్పుకుంది. చివరికి ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, తన వయసు వాళ్లకు అది వస్తుందా అని మాత్రం అడిగింది. వస్తుంది, సెలవు పెట్టి రా అన్నాను.

నేను పాఠాలు చెప్పే ఇన్‌స్టిట్యూట్ టవర్ సర్కిల్ దగ్గర ఒక చెప్పుల దుకాణం పైన ఉండేది. దాని యజమాని ఒకప్పుడు లెక్కల మాస్టారు. అందరం సారనే పిలిచేవాళ్లం. ఒక పెద్ద కంప్యూటర్, దానికి తీగలతో తగిలించిన కొన్ని పాత టెర్మినళ్లు, ఒక ప్రింటర్, ఇదీ మా ఆస్తి. టెర్మినల్ అంటే తెరా కీబోర్డూ తప్ప ఇంకేమీ లేనిది, దాని మీద ఏం చేసినా ఆ పని నడిచేది పెద్ద కంప్యూటర్‌లోనే. అందులో లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించారు. అక్క వాళ్ల ఆఫీసులో ఉన్నది యూనిక్స్. రెండింటిలోనూ వాడే ఆజ్ఞలు దాదాపు ఒకటే కాబట్టి మా దగ్గర నేర్చుకుంటే అక్కడ సరిపోతుంది. అక్క దగ్గర ఫీజు తీసుకోకూడదని సార్ ముందే అనుకున్నారట. సాయంత్రం బ్యాచ్ అయిపోయాక వచ్చి కూర్చోమన్నారు.

అక్కకు చెయ్యి వేగం బాగానే ఉంది. ఇబ్బందల్లా ఎడిటర్‌తో, అంటే రాత కొట్టే ప్రోగ్రాంతో. అప్పట్లో మేం వాడిన వీఐ అనే ఎడిటర్‌లో ఒక మీట నొక్కితేగాని అక్షరాలు పడవు, ఇంకో మీట నొక్కితేగాని ఆగవు. అక్క మొదటి వారమంతా దానితో కొట్లాడి, తర్వాత దాని స్వభావం పట్టుకుంది. ఇంగ్లిష్ పాఠాలు చూసి కొట్టడం విసుగొచ్చినప్పుడు, నీ మనసుకు తోచింది తెలుగులోనే కొట్టు, అక్షరాలు మాత్రం ఇంగ్లిష్‌వి వాడు అన్నాను. ఆ మాట ఆమెకు నచ్చింది. క్వార్టర్ల గురించి, నల్లా దగ్గరి కొట్లాటల గురించి, బాపు షిఫ్టు దిగి వచ్చి స్నానం చేశాక కూడా కనురెప్పల అంచున మిగిలే నల్లటి గీత గురించి కొట్టేది. ఆమె నా గదికి వెళ్లాక నేను అవి చదువుకునేదాన్ని.

కానీ ఆ ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరికీ తెలియదు. కరెంటు పోతే కాసేపు ఆదుకోవాల్సిన బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. అక్క పేజీ సగం కొట్టేసరికి ఫ్యాను ఆగేది, తెర ఆరిపోయేది. మళ్లీ వెలిగేసరికి అంతకుముందు భద్రం చేసుకున్నంత వరకే ఉండేది. మధ్యమధ్యలో భద్రం చేసుకోమని చెప్పాను. ఆమె చేసేది కూడా. కానీ రాతలో పడితే మరిచిపోయేది. పోయినప్పుడల్లా, మళ్లీ కొడతాను తియ్ అనేది. రెండోసారి కొట్టిన పేజీ మొదటిదానికంటే చిన్నగా ఉండేది. మూడోసారి కొడితే ఇంకా చిన్నగా. ఆ తేడా నాకు బాధ కలిగించింది. మొదటిసారి ఏమేం రాసిందో చెప్పమంటే, గుర్తులేదనేది.

ఒక సాయంత్రం కరెంటు వరసగా పోయి వచ్చి మళ్లీ పోయింది. అక్క కుర్చీ వెనక్కి జరుపుకుని చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"నాతోని అయ్యేటట్టు లేదే చెల్లె. రేపు ఇంటికి పోత."

పరీక్షలో కరెంటు పోదు, అక్కడ జనరేటర్ ఉంటుంది అని ఏదో చెప్పాను. ఆమె వింటున్నట్టు లేదు. కాసేపటికి తనే అడిగింది.

"ఫైలు తెరిచినప్పుడల్లా కింద ఒక వరుస వచ్చి పోతది. రోజూ సూస్తున్న. ఏందే అది?"

ఆ వరుస మా అందరికీ అలవాటైపోయింది. కళ్ల ముందుకు వచ్చి పోతుంది, ఎవరూ చదవరు. కరెంటు వచ్చాక ఆమె ఫైలు తెరిపించి, మీట నొక్కకుండా ఆపి చదివాను. ఈ పని మధ్యలో ఆగిపోతే చేసిన మార్పులు తిరిగి రావు అని దాని భావం. అంటే మామూలుగా తిరిగి రావాలనే కదా.

మర్నాడు అక్కను బస్సెక్కనివ్వలేదు. ఈ ఒక్క వారం ఉండు అని బతిమాలాను. అప్పటికి మాకు ఇంటర్నెట్ లేదు. లైనక్స్‌తో పాటే వచ్చే వివరాల పుటలు ఒక్కటే ఆధారం. క్లాసుల మధ్య ఖాళీల్లో అవి చదువుతూ పోయాను. విషయం మెల్లగా తెలిసింది. మనం ఏదైనా రాస్తున్నంతసేపూ ఆ ఎడిటర్ తాత్కాలిక ఫైళ్లు ఉంచే చోట, ఒక ప్రత్యేకమైన డైరెక్టరీలో, అంటే ఫైళ్లు పెట్టే అరలో, మన రాతకు ఒక నకలు దాస్తూ ఉంటుంది. కరెంటు పోయి వచ్చాక ఆ నకలు నుంచి రాత తిరిగి తీసుకోవచ్చు. మా కంప్యూటర్‌లో ఆ డైరెక్టరీయే లేదు.

ఎందుకు లేదో కూడా దొరికింది. నాకంటే ముందు ఆ కంప్యూటర్‌ను చూసుకున్నతను హైదరాబాద్ వెళ్లిపోయాడు. అతను పోయే ముందు, కంప్యూటర్ వెలిగినప్పుడల్లా తాత్కాలిక ఫైళ్లున్న చోట్లన్నీ ఊడ్చేసేలా ఒక వరుస రాసి పెట్టాడు. ఆ ఊడ్పులో చెత్తతో పాటు ఆ డైరెక్టరీ కూడా కొట్టుకుపోయింది. అతన్ని తప్పుపట్టలేం. ప్రింటర్ వదిలే ఫైళ్లతో, విద్యార్థులు పారేసే ఫైళ్లతో మా చిన్న డిస్క్ ఊరికే నిండిపోయేది. పాతవాటిని తీసేసే పని అసలైతే తెల్లవారుజామున దానంతటదే నడవాలి. కానీ సాయంత్రం తాళం వేసేటప్పుడు మేం మెయిన్ స్విచ్ ఆపేస్తాం. ఆ వేళకు కంప్యూటరే మేలుకుని ఉండదు. అందుకని అతను వెలిగేటప్పుడే అన్నీ ఊడ్చేశాడు.

సారుకు చెబితే ఆయన ముందు ఒప్పుకోలేదు. ఊడ్చడం మానేస్తే డిస్క్ నిండి క్లాసులు ఆగిపోతాయని ఆయన భయం. మానేయను, పద్ధతి మారుస్తాను అన్నాను. కాగితం మీద గీసి చూపించాను. కంప్యూటర్ వెలగగానే ముందు ఆ డైరెక్టరీ ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే తనే తయారు చేసుకోవాలి. అందులో ఎవరైనా రాయొచ్చు గానీ, ఎవరిది వాళ్లు తప్ప ఇంకొకరు తీసేయకూడదు. తర్వాత, మిగిలిపోయిన రాతలేమైనా ఉంటే వాటి యజమానులకు ఆ కంప్యూటర్ లోపలే మెయిల్‌గా కబురు పంపాలి. ఆ తర్వాతే ఊడ్పు. అది కూడా అన్నిచోట్లా ఒకేలా కాదు. తాత్కాలిక ఫైళ్లుండే రెండు చోట్లలో ఒక చోట పూర్తిగా, ఆ నకళ్లుండే రెండో చోట చాలా రోజులుగా ఎవరూ ముట్టనివి మాత్రమే. ఇక రోజువారీ ఊడ్పు తెల్లవారుజామున కాకుండా, అందరూ అన్నాలకు పోయే మధ్యాహ్నం వేళ నడవాలి. సార్ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, డిస్క్ నిండితే పాత పద్ధతే పెట్టేస్తానని నా దగ్గర మాట తీసుకుని ఒప్పుకున్నారు.

ఆ వరుసలు రాయడం పెద్ద పని కాలేదు. కానీ ఒకసారి వరుసలు ముందువెనక అయ్యి, కబురు పంపకముందే ఊడ్చేసింది. ఇంకోసారి డైరెక్టరీ నా పేరు మీద తయారై, నేను తప్ప ఎవరూ అందులో రాయలేకపోయారు. అక్క పక్కనే కూర్చుని, తనకు అర్థమైనా కాకపోయినా, నేను సరిచేసిన ప్రతిసారీ మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపేది.

ఆదివారం క్లాసులు లేవు. పరీక్షించి చూద్దామని ఇద్దరం వెళ్లాం. అక్కను రాస్తూ ఉండమన్నాను, మధ్యలో భద్రం చేసుకోవద్దని గట్టిగా చెప్పాను. కరెంటు పోతుందని ఎదురుచూశాం. వారమంతా మమ్మల్ని ఏడిపించిన కరెంటు ఆ రోజు కదల్లేదు. ఫ్యాను హాయిగా తిరుగుతూనే ఉంది. అక్క మొదట నన్ను చూసి నవ్వుతూ కొట్టింది, తర్వాత నవ్వు ఆగిపోయి రాతలో మునిగిపోయింది. తెర ఒక నిండు పేజీ అయ్యాక నేను లేచి వెళ్లి మెయిన్ స్విచ్ ఆపేశాను. ఆమె చేతులు కీబోర్డు మీద అలాగే ఉండిపోయాయి.

మళ్లీ స్విచ్ వేశాను. అర్ధాంతరంగా ఆగిన కంప్యూటర్ లేవడానికి చాలాసేపు తీసుకుంటుంది. డిస్క్ అంతా ఒకసారి తడుముకుంటుంది. వరుసలు ఒకదాని వెనక ఒకటి పైకి పోతుంటే ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. చివరికి అక్క తన పేరు కొట్టి లోపలికి వెళ్లింది. మీకు మెయిల్ వచ్చింది అని తెర మీద పడింది.

"నాకా? నాకెవలు రాస్తరే?"

"కంప్యూటరే రాసిందక్కా. నువ్వు కొడుతున్నప్పుడు ఆగిపోయిందట. నీ రాత దాచిపెట్టిందట. శానా మటుకు దొరుకుతదంటున్నది."

అక్క ఆ మెయిల్‌ను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది. అందులో తన పేరున్న చోట వేలు పెట్టి కాసేపు ఆగింది. తర్వాత నేను చెప్పిన ఆజ్ఞ కొట్టింది. పేజీ వచ్చింది.

నేను లేవబోతుంటే, కూర్చో, చదువు అన్నది. బావ గురించి రాసింది. సైకిల్ నేర్పేటప్పుడు వెనక పట్టుకున్నానని అంటూనే ఉండేవాడట. ఒకరోజు మలుపు తిరిగి వెనక్కి చూస్తే, ఎప్పుడు వదిలిపెట్టాడో ఏమో, దూరంగా చింతచెట్టు కింద నిలబడి నవ్వుతున్నాడట. తనకు చాలా కోపం వచ్చిందట. ఇంటికి పోయినంక, అని రాసి ఉంది. అక్కడితో ఆగిపోయింది. నేను స్విచ్ ఆపింది అక్కడే కాబోలు, లేదా ఆ చివరి ముక్క మాత్రం కంప్యూటర్‌కు అందలేదేమో.

"ఇంటికి పోయినంక ఏమైందక్కా?"

ఆమె తెర వైపే చూస్తూ చెప్పింది. "ఏమైతది. అన్నం వండనని కూసున్న. ఆయనే వండిండు. ఉప్పు రెండుసార్లేసిండు. ఇద్దరం గట్లనే తిన్నం."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వుతూ నవ్వుతూ ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది, నేను ఆమె భుజం మీద తల పెట్టుకున్నాను. ఆ సాయంత్రం తాళం వేసి మెట్లు దిగేటప్పుడు కూడా ఆయన గురించే చెబుతూ వచ్చింది. ఆయనకు వంకాయ పడకపోవడం, జీతం రోజున మిఠాయి కొని దారిలోనే సగం తినేయడం. తర్వాత రోజుల్లో కూడా అలా ఏదో ఒకటి చెప్పేది. అడగాల్సిన అవసరం లేకపోయింది.

డిస్క్ నిండలేదు. సార్ కొన్నాళ్లు మధ్యాహ్నం భోజనం కాగానే వచ్చి ఎంత ఖాళీ ఉందో చూసుకునేవారు. తర్వాత చూడటం మానేశారు. విద్యార్థులు మాత్రం కరెంటు పోయి వస్తే ఎవరికి మెయిల్ వచ్చిందా అని ముందు అదే చూసుకునేవాళ్లు.

సెలవు అయిపోయాక అక్క బెల్లంపల్లి వెళ్లింది. పరీక్ష రాసిన రోజు ఫోన్ చేసి, ఎక్కడా ఆపకుండా కొట్టానని చెప్పింది. ఫలితం వచ్చిన రోజు ఫోన్ చేయలేదు. తెలిసినవాళ్లెవరో కరీంనగర్ వస్తుంటే వాళ్లతో పండగలకు చేసే సకినాలు పంపింది. పొట్లం విప్పగానే నాకు అర్థమైంది.

వానలు మొదలయ్యాక నేను పెద్దపల్లిలో రైలెక్కి బెల్లంపల్లి వెళ్లాను. స్టేషన్ నుంచి నేరుగా వాళ్ల ఆఫీసుకే పోయాను. కిటికీలోంచి అక్క కనిపించింది. నీలం అంచు చీర, ముక్కు మీదికి జారిన కొత్త కళ్లద్దాలు. తెర వైపు చూస్తూ, చేతుల వైపు చూడకుండా కొడుతోంది. పిలవలేదు. వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. బయట వాన సన్నగా పడుతోంది. అటెండర్ ఒకతను వచ్చి ఎవరు కావాలని అడిగాడు. మా అక్క పేరు చెప్పాను. "మేడం పనిల ఉన్నది, జర కూసోండ్రి" అన్నాడు.

కూర్చున్నాను. చాలాసేపటికి ఆమె బయటికి వచ్చి, నన్ను చూసి, వాన తుంపర్లు పడిన నా తల కొంగుతో తుడుస్తూ, తిన్నావా అని అడిగింది.