చెబితేనే చేసే టీచరుగారు

మా ఇంగ్లీషు టీచరుగారు పోయారని మొన్న సోమవారం ఉదయం, నేను పాఠాలు చెప్పే బడిలో ప్రార్థన గంట కొట్టే ముందు ఫోన్ వచ్చింది. రామచంద్రపురం వెళ్లి ఆవిడను కడసారి చూసి వచ్చాను. ఏడుపు దారిలోనే అయిపోయింది. ఆవిడ మిగిల్చిన పని గురించి రాస్తున్నాను.

ఆవిడ పద్ధతి ఒకటే. పిల్లలకు బాగా తెలిసిన ఇంటి పనిని వాళ్లచేతే ఇంగ్లీషులో తనకు నేర్పించుకునేవారు. పిల్ల టీచరు, ఆవిడ శిష్యురాలు. చెప్పింది చెప్పినట్టు చేస్తారు, చెప్పనిది చచ్చినా చెయ్యరు.

మాది ఆత్రేయపురం. మా అమ్మ పూతరేకులు తీసేది. నా వంతు వచ్చినప్పుడు టీచరుగారు మా ఇంటికే వచ్చి, కొంగు దోపుకుని, బోర్లించిన వేడి కుండ ముందు కూర్చున్నారు. పిండిలో గుడ్డ ముంచమన్నాను, ముంచారు. కుండ మీద పరవమన్నాను, పరిచారు. ఆ పైన తియ్యమనడానికి నాకు ఇంగ్లీషు మాట తట్టలేదు. రేకు అంచులు ఎర్రబడ్డాయి.

"తీసెయ్యండి టీచరుగారూ, మాడిపోతోంది" అంది అమ్మ.

"మీ అమ్మాయి చెప్పలేదు కదండీ" అన్నారావిడ, కదలకుండా.

పొగ లేచింది. ఎక్కడినుంచి ఊడిపడిందో, "లిఫ్ట్ ఇట్, టీచర్" అనేశాను. తీశారు. మాడిన ఆ రేకుకే నెయ్యి రాసి, పంచదార చల్లి, మడిచి తినేశారు. "బాగానే ఉందండీ" అని అమ్మతో అన్నారు కూడా. అంత అబద్ధం ఆవిడ నోట మరెప్పుడూ వినలేదు.

ఆవిడ పనిచేసిన బడిలోనే నేనూ ఇంగ్లీషు టీచరునయ్యాక ఆవిడ ఒకటే చెప్పారు. "పిల్ల తడుముకుంటుంటే నీ నాలుక దురద పెడుతుంది. ఓర్చుకో. జవాబు నువ్వే అందించేశావంటే పాఠం నీకే వచ్చినట్టు."

ఆ ఓర్చుకోవడమే కష్టం. "ఇలా ఎదురుచూస్తూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడవుతుందండీ? ఆ ఏడో తరగతి పిల్ల జూన్ నుంచి ఇంగ్లీషులో నోరు విప్పలేదు. నెలాఖరు దాకా చూస్తాను. తర్వాత అందరిచేతా గైడు బట్టీ పట్టించెయ్యండి" అన్నారు ఆమధ్య మా హెడ్మాస్టరుగారు. ఆ పిల్ల వాళ్లమ్మ గుడి దగ్గర పూలమ్ముతుంది.

మంగళవారం బడిలో టీచరుగారి ఫొటో పెట్టాం. నేను కనకాంబరాలు, దారం పట్టుకుని ఏడో తరగతికి వెళ్లాను. ఆ పిల్లను నా కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఫొటోకి మాల కట్టడం నాకు ఇంగ్లీషులో నేర్పమన్నాను.

"ఫ్లవర్" అంది గొణుగుతూ. పువ్వు పెట్టాను. "థ్రెడ్" అంది. చుట్టాను. ముడి వెయ్యమనలేదు, నేను వెయ్యలేదు. సగం పూలు జారి ఒళ్లో పడుతున్నాయి. పిల్లలు నవ్వారు. నా నాలుక దురద పెట్టింది. ఓర్చుకున్నాను.

పూలు కట్టే ఇంట్లో పుట్టిన పిల్ల అంత పాడు మాల చూస్తూ ఎంతసేపు ఊరుకుంటుంది? కుర్చీలోంచి లేచి నిలబడింది. "టై ఇట్, టీచర్. పుల్. మోర్ టైట్."

ఫొటోకి వేస్తుంటే హెడ్మాస్టరుగారు, "ఏంటండీ ఈ మాల? వేరేది తెప్పించనా?" అన్నారు.

"వద్దండి. ఈ మాలే ఉంటుంది. ఈ పద్ధతీ ఉంటుంది" అన్నాను.

ఇది రాసేసరికి మాల ఎండిపోయింది. ఒక కొసన పూలు వదులుగా వేలాడుతున్నాయి. సగం దగ్గర్నుంచి మాత్రం ప్రతి ముడీ బిగుసుకుని ఉంది.