జవాబు చెప్పని పంతులు

1878. ఉదయగిరి కొండ కింద నార్మల్ స్కూలు, అంటే బడిపంతుళ్ళను తయారుచేసే బడి. అందులో లెక్కలు చెప్పేవాణ్ణి నేనే. నా శిష్యులంతా మీసాలొచ్చిన మగవాళ్ళు. పిల్లల తండ్రులూ ఉన్నారు. ముక్కుసూటి మనిషినని నాకు పేరు. ఆ పేరంటే నాకు గర్వమే.

ఆ ఏడు పరీక్షల ముందు నా మీద ఫిర్యాదు పోయింది. నేను పాఠం చెప్పడం లేదట! నెల్లూరు నుంచి ఇన్‌స్పెక్టరుగారు దిగారు. నన్ను పక్కన నిలబెట్టుకుని, "ఈ పంతులు వద్దనేవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు. ఇంకొకడైతే ‘హమ్మయ్య, బతికాం’ అనుకునేవాడు. నాకు ఒళ్ళు మండింది.

"అయ్యా, వీళ్ళను పాసు చేసేదీ ఫెయిలు చేసేదీ నేనే. నా ఎదురుగా అడిగితే నోరెట్లా లేస్తాది? ఈసారి పరీక్ష మీరే పెట్టుకోండి. నేను బయటికి పోతా. ఎవరేమన్నారో నాకు చెప్పొద్దు."

"ఉద్యోగం పోతే ఏం చేస్తారు పంతులుగారూ?"

"చేజర్లలో మా నాయన మడి ఉండాది. దున్నుకుంటా."

అన్నానే గానీ, కరువుకు ఆ మడి నెర్రెలిచ్చి ఉంది. ఎద్దులు ఎప్పుడో పోయాయి. ఇంటిల్లిపాదికీ నా జీతమే ఆధారం. బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాను.

చాలాసేపటికి ఇన్‌స్పెక్టరుగారు నవ్వుకుంటూ వచ్చారు.

"లోపల మీ శిష్యులు మీకు బాగా తలంటి పోశారు పంతులుగారూ! ఏ లెక్కకూ జవాబు చెప్పరట. ‘నువ్వే చెప్పు’ అని తిరగేసి అడుగుతారట. అందరికంటే గట్టిగా అరిచినవాడి చేతికి సుద్దముక్క ఇచ్చి, ‘ఎట్లా చెప్పాలో చూపించు, నేనే శిష్యుణ్ణి’ అన్నాను. త్రైరాశికం లెక్క ఎత్తుకున్నాడు. ఎంత చక్కగా చెప్పాడని! చివర్లో ‘జవాబెంత?’ అని నేనడిగితే, ‘మీరే చెప్పండయ్యా’ అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. వాడు నాలుక కరుచుకున్నాడు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అంత గర్వం నా జన్మలో ఎరగను.

"వాడెవడంటే..." అని ఆయన అనబోతే రెండు చెవులూ మూసుకున్నాను.

నా కొలువు నిలిచింది. శిష్యుడు గురువును తూచవచ్చు, తూచాలి కూడా. కానీ తూచే చెయ్యి గురువు గుప్పిట్లో ఉండకూడదు. ఇంత సర్వీసులో నేను నేర్చిన పెద్ద పాఠం అదే.

ఆ మధ్య ఆత్మకూరులో ఒక బడి పక్కగా పోతుంటే లోపల పంతులు గొంతు వినిపించింది.

"నేను చెప్పనురా, నువ్వే చెప్పు!"

కాళ్ళు ఆగిపోయాయి. కిటికీ తెరిచే ఉంది. తొంగి చూడకుండా నడిచిపోయాను.